బొచ్చు, అరుపు, తరుముడు: షెల్టీని పెంచేవాళ్ల మూడు తలనొప్పులు

కిందటి జులైలో విజయవాడ నుంచి మా అత్తయ్య వచ్చారు. న్యూజెర్సీ ఉక్కకి నాలుక వేలాడేసి, వంటింటి టైల్స్ మీద పొట్ట ఆనించి పడుకున్న మా బెల్లాన్ని చూసి జాలిపడ్డారు. "పాపం, ఎండాకాలంలో దానికా రగ్గెందుకమ్మా? గుండు చేయించెయ్. మనం తిరుపతిలో చేయించుకోవట్లా?" అన్నారు.

బెల్లం మా షెల్టీ కుక్క. ఆ జాతి అసలు పేరు షెట్లాండ్ షీప్‌డాగ్. వీపు మీది రంగు చూసి పిల్లలు బెల్లం అని పేరు పెట్టారు. మెడచుట్టూ తెల్లటి పట్టీ, నక్కలాంటి మూతి, కొసలు ముందుకి వాలిన చెవులు. తొమ్మిది కిలోల బరువు. దారిలో కనిపించిన ప్రతివాళ్లూ "కోలీ పిల్లా?" అని అడుగుతారు. కోలీ అంటే చూడ్డానికి ఇలాగే ఉండే పెద్ద జాతి గొర్రెల కుక్క. పిల్ల కాదు, నాలుగేళ్లది. ఈ జాతి ఎత్తే అంత, 13 నుంచి 16 అంగుళాలు.

అత్తయ్యది తీసిపారేసే ప్రశ్న కాదు. మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. అదే ఏడాది పక్కింటావిడ అరుపుల గురించి రెండుసార్లు చెప్పింది. మా పెద్దాడు సైకిలెక్కితే చాలు, ఇది వాడి మడమల వెంట పడేది. బొచ్చు తీసేయాలి, నోరు మూయించాలి, కట్టేయాలి: మూడు రోగాలకి మూడు మందులనుకున్నాను. ఈ కుక్క ఎక్కడిదో, అక్కడ ఏం చేసేదో తెలిశాకే ఆ మూడూ ఒకే ఉద్యోగం తాలూకువని అర్థమైంది.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఉన్నాయి షెట్లాండ్ దీవులు. అక్కడి ముఖ్యపట్టణం లెర్విక్‌కి ఎడిన్‌బరో కన్నా నార్వేలోని బెర్గెన్ దగ్గర. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. గుర్రాలు పొట్టివి, గొర్రెలు పొట్టివి, కుక్కా పొట్టిదే. చిన్న చిన్న కమతాల రైతులు. కొండ మీద మేసే గొర్రెలు ఇంటి చుట్టూ ఉన్న చేలో పడకుండా అరిచి తరమడం దీని పని. అక్కడి యాసలో కమతాన్ని టూన్ అంటారు, అందుకే దీన్ని టూనీ డాగ్ అనేవాళ్లు. మన జొన్నచేలో మంచె మీద నిలబడి కేకలేస్తూ పిట్టల్ని తోలే కాపలా ఉంటుంది చూడండి, సరిగ్గా అదే ఉద్యోగం. కేకే దాని జీతం.

ఓడల్లో వచ్చిపోయేవాళ్లకి ఈ బుజ్జి కుక్కలు తెగ నచ్చాయి. దాంతో దీవివాళ్లు ముద్దుగా, బొచ్చుగా ఉండేవాటిని అమ్మకానికి పెంచడం మొదలుపెట్టారు. చిన్న జాతులు చాలా కలిశాయి. అసలు రూపం చెదిరిపోతోందని 1908లో లెర్విక్‌లో ఒక క్లబ్ పెట్టారు. రూపం నిలబెట్టడానికి పెద్ద కోలీలతో కలిపారు. 1909లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని షెట్లాండ్ కోలీ పేరుతో గుర్తించింది. మా కోలీ పేరు ఈ పొట్టిదానికేమిటని కోలీ పెంపకందార్లు గొడవ చేస్తే, 1914లో షెట్లాండ్ షీప్‌డాగ్ అని మార్చారు. పేరు మార్చారు కానీ రక్తం మారదు కదా. కోలీ నుంచి అందమే కాదు, ఇంకొకటి కూడా దిగింది. దాని సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే అది ప్రాణం మీదికి తెచ్చే విషయం.

గుండు ఎందుకు వద్దు

షెల్టీకి బొచ్చు రెండు పొరలు. పైన పొడవాటి, గరుకైన, తిన్నని వెంట్రుకలు. వేళ్లతో పాయ తీసి చూస్తే అడుగున లేత రంగులో, దూదిలా మెత్తటి ఉన్ని. పై పొర వానని, ఎండని ఆపుతుంది. అడుగు పొర గాలిని పట్టి ఉంచుతుంది. పూరింటి కప్పు గుర్తుందా? చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేది ఆ మందం వల్లే. ఎండాకాలం కదా అని ఎవరూ కప్పు పీకి పారేయరు.

ఇంకో సంగతి. గుండు చేయించుకుంటే మనకి హాయిగా ఉండటానికి కారణం మనకి నెత్తి మీద, ఒళ్లంతా చెమట పోయడం. చెమట ఆరితే చల్లబడతాం. కుక్కకి చెమట పట్టేది అరికాళ్లలోనే, అదీ కాస్తే. అది చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్ల. కాబట్టి బొచ్చు తీసేస్తే మనం ఊహించుకున్నంత ఉపశమనం దానికి దొరకదు. దొరికేది నేరుగా చర్మం మీద పడే ఎండ.

పైగా తీసింది తీసినట్టు తిరిగి రాదు. ఉన్ని త్వరగా మొలుస్తుంది, పైవెంట్రుకలు చాలా నెమ్మదిగా వస్తాయి. ఈలోపు కుక్క ఊలు బంతిలా తయారవుతుంది. ఆ ఊలు ఇంకా తొందరగా చిక్కుపడుతుంది. కొన్నింటికి అక్కడక్కడా నెలల తరబడి మొలవదు, కొన్నింటికి ఎప్పటికీ పాత బొచ్చు రాదు. ఆపరేషన్ కోసమో, దువ్వెన దిగనంతగా ఉండలు కట్టినప్పుడో డాక్టర్ గొరిగితే అది వేరే మాట.

అలాగని బొచ్చు ఉంది కాబట్టి ఎండకి తట్టుకుంటుందనీ కాదు. రాలిపోయిన ఉన్ని బయటికి రాకుండా లోపలే ఇరుక్కుంటే గాలి ఆడదు. కప్పు మీద కుళ్లిన గడ్డి పేరుకున్నట్టే. అందుకే అత్తయ్య ప్రశ్నకి జవాబు కత్తెర కాదు, దువ్వెన.

దువ్వడం అనగానే పైపైన బ్రష్ లాగేసి మురిసిపోతాం. నేనూ ఆరు నెలలు అదే చేశాను. పైన పట్టులా మెరిసేది. ఓ ఆదివారం దువ్వకుండానే స్నానం చేయించాను. ఆరాక చెవుల వెనక చెయ్యి పెడితే తివాచీ ముక్కలా గట్టిగా తగిలింది. తడిస్తే చిక్కు బిగుసుకుంటుందని అప్పటికి తెలీదు. రెండు చెవుల వెనకా కత్తిరించాల్సి వచ్చింది. రెండు నెలలు అది చెదలు తిన్న పుస్తకంలా కనిపించింది.

సరైన పద్ధతి మనకి తెలిసిందే. పొడుగు జుట్టు ఆడపిల్లకి చిక్కు తీయడం ఎలాగో అలాగే. కుక్కని ఓ పక్కకి పడుకోబెట్టాలి. నీళ్లు సన్నగా స్ప్రే చేయాలి, పొడిబొచ్చు దువ్వితే వెంట్రుక తెగుతుంది. ఎడమచేత్తో బొచ్చుని పైకి ఎత్తిపట్టుకుంటే కింద పాపిడిలా చర్మం గీత కనిపిస్తుంది. ఆ గీత దగ్గర నుంచి కొంచెం కొంచెం బొచ్చు కిందికి వదులుతూ, మొదలు నుంచి కొస దాకా పిన్ బ్రష్‌తో దువ్వాలి. ఒక వరుస అయ్యాక అంగుళం పైన ఇంకో పాపిడి. చివర్లో స్టీల్ దువ్వెన చర్మం దాకా దించి లాగితే ఎక్కడా ఆగకూడదు. ఆగిందంటే అక్కడ ఉండ ఉన్నట్టే. ఉండని బలంగా లాగకూడదు, వెంట్రుకల మొదలు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని కొస నుంచి విడదీయాలి. మా అమ్మ నాకు జడ వేసేటప్పుడు మొదలు పట్టుకోకుండా లాగితే ఎంత ఏడ్చేదాన్నో నాకింకా గుర్తుంది.

చిక్కు మొదలయ్యే చోట్లు ఎప్పుడూ అవే: చెవుల వెనక, ముందుకాళ్ల చంకల్లో, తొడల వెనక లంగాలా వేలాడే బొచ్చులో, తోక కింద. చెవుల వెనక సన్నపళ్ల దువ్వెన కావాలి. అత్తయ్య పెట్టెలోంచి పేనుదువ్వెన తీసిచ్చారు, కుక్కల షాపులో కొన్నదానికంటే అదే బాగా పనిచేస్తోంది.

మామూలు రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు చాలు. బొచ్చు రాలే కాలంలో రోజూ తప్పదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలు సాధారణంగా ఎదకొచ్చిన కొన్నాళ్లకి, ఈనిన తర్వాత బాగా రాలుస్తాయి. ఆపరేషన్ అయినవాటికి ఉన్ని ఒత్తవుతుంది, శ్రమా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఒక్క పూటకి ప్లాస్టిక్ కవర్ నిండా ఉన్ని వస్తుంది. పులిహోరలో వెంట్రుక వచ్చిందని ఇంట్లో గొడవపడి లాభం లేదు. షెల్టీ ఉన్న ఇల్లు అలాగే ఉంటుంది.

స్నానం నెలన్నర, రెండు నెలలకోసారి చాలు. ముందు దువ్వి, తర్వాత తడిపి, అడుగు ఉన్ని దాకా పూర్తిగా ఆరబెట్టాలి. గోళ్లు రెండు మూడు వారాలకోసారి, నేల మీద టకటక వినిపిస్తే ఆలస్యమైనట్టు. అరికాలి మెత్తల మధ్య పెరిగే బొచ్చు కత్తిరించకపోతే టైల్స్ మీద జారుతుంది. పళ్లు రోజూ తోమాలి, మన పేస్టుతో కాదు, కుక్కల పేస్టుతో.

ఈ బొచ్చు ఒంటి లావుని కూడా దాచేస్తుంది. అందుకని కంటితో కాదు, చేత్తో చూడాలి. మీ పిడికిలి బిగించి కణుపుల మీద వేళ్లు రాయండి. పక్కటెముకలు అలా తగిలితే బక్కచిక్కినట్టు. అరచేతి మెత్తటి కండలా తగిలితే బలిసినట్టు. చెయ్యి చాచి బోర్లా పెట్టి, వెనకవైపు తడిమితే ఎముకలు ఎలా తెలుస్తాయో అలా ఉంటే సరిపోయినట్టు. షెల్టీలకి రక్తంలో కొవ్వు పెరగడం, పిత్తాశయం జబ్బులు మిగతా జాతుల కన్నా ఎక్కువ. నెయ్యి ముద్దలు ప్రేమతో పెట్టినా చేటే. పెరుగన్నం కొంచెం ఫరవాలేదు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారు, కిస్‌మిస్ వేసిన పాయసం మాత్రం విషంతో సమానం.

ఎండాకాలం నడక తెల్లవారుజామునే. అరచెయ్యి వెనకవైపు రోడ్డు మీద ఏడెనిమిది సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లూ ఆనలేవు. హైదరాబాద్‌లో షెల్టీ తెచ్చుకోవచ్చా అని మా చెల్లెలు అడిగింది. మే నెలలో కరెంటు పోతే ఏం చేస్తావని అడిగాను. ఇన్వర్టర్ మీద ఏసీ నడవదంది. వద్దన్నాను.

అరుపు, తరుముడు

గొర్రెని కదిలించడానికి తొమ్మిది కిలోల కుక్క దగ్గర ఉన్న ఆయుధం గొంతు. గంట మోగినా, కొరియర్ వ్యాన్ ఆగినా, ఎదురింటి చెట్టు మీద ఉడత కదిలినా బెల్లం అరుస్తుంది. అరిచిన ప్రతిసారీ కొరియర్ అబ్బాయి వెళ్లిపోతాడు కూడా! దాని లెక్కలో చేను కాపాడినట్టే. రోజుకి నాలుగుసార్లు విజయం సాధిస్తున్న ఉద్యోగిని మీరు ఆపండి చూద్దాం.

"ఏయ్, నోర్ముయ్" అని మనం అరిస్తే మనమూ కాపలాకి వచ్చామనుకుంటుంది. కొడితే ఇంకా నష్టం. ఈ జాతి మనసు చాలా సున్నితం. గొంతు పెంచితే సోఫా కింద దూరి రెండు గంటలు రాదు, నేర్చుకున్నదీ మర్చిపోతుంది. స్వరపేటిక ఆపరేషన్ చేయించేవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో అది చట్టవిరుద్ధం. నా దృష్టిలో ఎక్కడైనా పాపమే.

మాకు పనికొచ్చింది ఒక ఒప్పందం. మొదటి రెండు మూడు అరుపులు దాని హక్కు. నేను వెళ్లి కిటికీలోంచి చూసి, మామూలు గొంతుతో "చాలు" అంటాను. అన్న మరుక్షణం నేల మీద నాలుగైదు చిన్న చిన్న మాంసం ముక్కలు చల్లుతాను. వాసన పడుతూ ఏరుకుతినేటప్పుడు ఏ కుక్కా అరవలేదు. మొదట్లో వ్యాన్ రాకముందే, ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ మాట అలవాటు చేయాలి. మాకు ఆరు వారాలు పట్టింది. వీధివైపు కిటికీకి కిందిసగం మసక కాగితం అంటించాం, సగం అరుపులు దాంతోనే తగ్గాయి. ముందే చేయాల్సింది.

తరుముడు ఇంతకన్నా ప్రమాదం. కదిలేదేదైనా గొర్రే దానికి. సైకిల్, స్కేట్‌బోర్డ్, పరిగెత్తే పిల్లాడు, కారు కూడా. రోడ్డు దగ్గర ఎంత నమ్మకమైన షెల్టీకైనా లీష్ తీయకూడదు, ఇందులో మినహాయింపు లేదు. నేర్పడం దూరం నుంచి మొదలుపెట్టాలి. సైకిల్ కనిపించినా దాని చెవులు ఇంకా మామూలుగా ఉన్నంత దూరంలో నిలబడి, అది సైకిల్‌ని చూసి తలతిప్పి నావైపు చూడగానే ముక్క పెట్టేదాన్ని. చెవులు నిక్కి, ఒళ్లు కిందికి వంగిందంటే దగ్గరికి వచ్చేసినట్టే, వెనక్కి నడవాలి. ఆ వంగడం ఒక్కటి గమనించడం నేర్చుకుంటే సగం శిక్షణ అయినట్టే. తరమాలన్న కోరికకి ఓ దారి కూడా ఇవ్వాలి: పెరట్లో రోజూ పావుగంట బంతి, ఇంట్లో దాచిన ముక్కలు వెతకడం. రోజుకి గంట నడిపించి బుర్రకి పని పెట్టకపోతే, అలిసిపోదు సరికదా ఇంకా బలంగా తయారవుతుంది.

నేర్చుకునే తెలివికి కొదవ లేదు. 1994లో స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుక్కల శిక్షణ పోటీల న్యాయనిర్ణేతల అభిప్రాయాలతో చేసిన పట్టికలో షెల్టీది ఆరో స్థానం. మా ఇంట్లో చిక్కు దాని బుర్రలో లేదు, మా నోళ్లలో ఉంది. నేను "కూర్చో" అంటాను, మావారు "సిట్", పిల్లలు సోఫా దిగమనడానికీ పడుకోమనడానికీ ఒకటే "డౌన్", అత్తయ్య "కూచోమ్మా కూచో, బంగారుతల్లి కదూ". పాపం, ఏ మాటకి ఏం చేయాలి? ఓ రాత్రి అందరం కూర్చుని ఎనిమిది మాటలు ఖాయం చేసుకున్నాం. వారంలో తేడా కనిపించింది.

కోలీ ఇచ్చిన ఇంకో వారసత్వం

ఇక చివర్లో చెబుతానన్నది. మెదడు గుమ్మం దగ్గర ఒక ప్రోటీన్ కాపలా కాస్తుంది. రక్తంలోంచి లోపలికి చొరబడే కొన్ని మందుల్ని బయటికి నెట్టేస్తుంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎమ్‌డీఆర్1. కోలీ వంశంలో ఎప్పుడో ఒక పూర్వీకుడిలో ఆ జన్యువు తెగింది. ఈ లోపాన్ని 2001లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కనిపెట్టారు. ఆ యూనివర్సిటీ లెక్కల్లో కోలీల్లో దాదాపు 70 శాతానికి, షెల్టీల్లో దాదాపు 15 శాతానికి ఇది ఉంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు లోపాలూ వస్తే గుమ్మం దగ్గర కాపలాయే ఉండదు. ఒక్కటే వస్తే కాపలా నీరసంగా ఉంటుంది.

అందరికీ తెలిసిన ముప్పు ఐవర్‌మెక్టిన్. గజ్జికి, పిడుదులకి మన ఊళ్లలో కుక్కలకి విరివిగా పొడిచే మందు అదే. గుండె పురుగు రాకుండా నెలనెలా ఇచ్చే మోతాదు కిలోకి 6 మైక్రోగ్రాములు. అది ఈ లోపం ఉన్నవాటికీ ఇబ్బంది కాదు. గజ్జికిచ్చేది 300 నుంచి 600. ఇప్పుడు పశువుల ఇంజెక్షన్ చూడండి: 1 శాతం మందులో ఒక మిల్లీలీటరుకి 10,000 మైక్రోగ్రాములు. బెల్లానికి నెలకి కావాల్సింది 54! సిరంజిలో గీతంత పొరపాటు చాలు. తూలడం, చొంగ కారడం, కళ్లు కనపడకపోవడం, మూర్ఛలు, కోమా. మందు పడ్డ గొర్రె పెంటికలో, గుర్రం లద్దో తిన్నా ప్రమాదమే.

రెండోది మన మందుల డబ్బాలోనే ఉంది. ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులో ఉండే విరేచనాల మాత్ర, లోపరమైడ్. మనకి అది మెదడులోకి వెళ్లకపోవడానికి కారణం ఈ కాపలా ప్రోటీనే. కాపలా లేని కుక్కకి అర మాత్ర కూడా ఇవ్వకూడదు. మత్తు కోసం ఇచ్చే ఏస్‌ప్రొమజీన్, బ్యుటార్ఫనాల్, క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టీన్ లాంటివి డాక్టర్ మోతాదు తగ్గించి ఇవ్వాల్సినవి. పరీక్ష పెద్ద పనేం కాదు, చెంప లోపల బ్రష్‌తో తుడిచి ల్యాబ్‌కి పంపడమే.

పిల్లని కొనేముందే తల్లిదండ్రుల రిపోర్టు అడగండి, కంటి పరీక్షలది కూడా. నీలి మెర్ల్ రంగు, అంటే బూడిద రంగు మీద నల్ల మచ్చలు చెదిరినట్టుండే బొచ్చు మీద మోజుంటే ఇంకో మాట. తల్లీ తండ్రీ ఇద్దరూ మెర్ల్ అయితే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు రెండు మెర్ల్ జన్యువులూ పడే అవకాశం. అలాంటివి చాలావరకు తెల్లగా పుడతాయి, వాటికి చెవుడో గుడ్డితనమో ఉండే ముప్పు ఎక్కువ. బెల్లం రంగు కుక్కలో కూడా మెర్ల్ కంటికి కనపడకుండా దాగి ఉండొచ్చు, అందుకే రంగు చూసి కాదు, రిపోర్టు చూసి నమ్మాలి. ఈ ప్రశ్నలకి విసుక్కునేవాళ్ల దగ్గర కొనకండి.

బెల్లానికి ఎమ్‌డీఆర్1 లోపం ఒక్కవైపు నుంచే వచ్చిందని తేలింది. డాక్టర్ ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంటుంది ఆ మాట. ఫ్రిజ్ తలుపు మీద అత్తయ్య కోసం తెలుగులో ఓ కాగితం అంటించాను: లోపరమైడ్ వద్దు, ఐవర్‌మెక్టిన్ వద్దు, సాంబారు వద్దు, కిస్‌మిస్ వద్దు, నెయ్యి వద్దు. వెళ్లేముందు ఆవిడ దాని కింద పెన్సిల్‌తో రాసి వెళ్లారు: "పెరుగన్నం పెట్టొచ్చు."